మినీ పీసీలో డిస్‌ప్లే తంటాలు: తెర ఎప్పుడు ఆరిందన్నదే అసలు ప్రశ్న

కంప్యూటర్ రిపేరు కొట్టులో రోజూ వినిపించే ఫిర్యాదు "డిస్‌ప్లే రావట్లేదు." అంత పొట్టి మాటా ఉండదు, అంత గందరగోళం మాటా ఉండదు. తెర పూర్తిగా నల్లగా ఉన్నా అదే మాట. అక్షరాలు లావుగా, అలికినట్టు కనిపించినా అదే మాట. పని మధ్యలో రెండు సెకన్లు ఆరి మళ్లీ వెలిగినా అదే మాట. దానికి జవాబూ ఒకటే: "డ్రైవర్ ఎగిరిపోయినట్టుంది, మళ్లీ వేద్దాం." డ్రైవర్ అంటే తెర మీద బొమ్మ గీయించడానికి గ్రాఫిక్స్ చిప్పుతో విండోస్ తరఫున మాట్లాడే సాఫ్ట్‌వేర్. వేసినా కుదరకపోతే తరువాతి వైద్యం ఫార్మాట్ కొట్టడం. సగం రోజు, ఒక్కోసారి సగం డేటా పోయాక, తెర మళ్లీ అలాగే నల్లగా కూర్చుంటుంది.

మినీ పీసీల దగ్గర ఈ అలవాటు మరీ ముదిరింది. పాత టవర్ క్యాబినెట్ అయితే అనుమానాన్ని చేత్తోనే తీర్చుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు పీకి ఇంకోటి పెట్టి చూస్తారు. ర్యామ్ తీసి, దాని పసుపు అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చుతారు. కార్డు పోర్టు నుంచి బోర్డు పోర్టుకు కేబుల్ మారుస్తారు. టిఫిన్ డబ్బా అంత ఉండే ఈ పెట్టెలో వీటిలో చాలావాటికి చోటే లేదు. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసిపోయి ఉంటుంది, ఆ ప్రాసెసర్ బోర్డుకు అతికి ఉంటుంది, కొన్ని చౌక మోడళ్లలో ర్యామ్ కూడా అతికించే వస్తుంది. ఇక చేతికి అందేది మౌస్, మౌస్‌కు అందేది డ్రైవర్. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కేబుల్ మీదా కన్వర్టర్ మీదా మానిటర్ మీదా పోవాల్సిన అనుమానమంతా డ్రైవర్ నెత్తిన పడుతుంది.

ఈ తరహా పెట్టెలు కొత్తవేం కావు. ఆపిల్ మ్యాక్ మినీ 2005లోనే వచ్చింది. ఇంటెల్ న్యూక్ పేరుతో నాలుగంగుళాల చదరపు బోర్డుల మీద కట్టిన పెట్టెలను దశాబ్దం పాటు అమ్మి, 2023లో ఆ వ్యాపారాన్ని ఆసుస్‌కు అప్పగించి తప్పుకుంది. అదే ఏడాది జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో బజారు స్వరూపమే మారింది. ఆరు వాట్ల చిప్పు, ఓ మోస్తరు గ్రాఫిక్స్, తక్కువ ధర. పేరున్నవీ లేనివీ పదుల కొద్దీ బ్రాండ్లు దాని చుట్టూ పెట్టెలు కట్టాయి. వాటిలో కొన్నింటికి సొంత డ్రైవర్ పేజీ అంటూ ఉండదు. అందుకే కొన్నవాళ్లే వైద్యులు కావాల్సి వస్తోంది.

చుక్కలు తిరిగే ముందా, తరువాతా?

బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా తెర మీద బొమ్మ గీసే పని చేతులు మారుతూ వస్తుంది. మొదట గీసేది యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, అంటే బోర్డు చిప్పులోనే ఉండి విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రామ్. కంపెనీ లోగో వేసేది అదే. అప్పటికి విండోస్ లేవనే లేదు, ఇంటెల్ డ్రైవర్ ఎస్ఎస్‌డీలో ఒక ఫైలుగా పడుకునే ఉంది. లోగో కింద చుక్కలు గుండ్రంగా తిరిగేటప్పుడు కూడా ఫర్మ్‌వేర్ పరిచి ఇచ్చిన తెరనే విండోస్ వాడుకుంటుంది. లాగిన్ తెర రాబోయే ముందు అసలు డ్రైవర్ మేలుకుంటుంది. మానిటర్‌ను పలకరించి, దానికి ఏ రిజల్యూషన్ పడుతుందో తెలుసుకుని, తెరను తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ మార్పు జరిగేటప్పుడు చాలా మానిటర్లు ఒక్కసారి నల్లబడి వెలుగుతాయి. రోజూ చూస్తూ ఎవరూ పట్టించుకోని ఆ రెప్పపాటు దగ్గరే గీత గీయాలి. తెర దానికి ముందు పోయిందా, తరువాత పోయిందా?

లోగో కూడా రాకపోతే డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, అది ఇంకా సీన్‌లోకే రాలేదు. అప్పుడు చూడాల్సినవి పవర్ అడాప్టర్, ర్యామ్, కేబుల్, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్. డీడీఆర్5 ర్యామ్ మార్చి మొదటిసారి ఆన్ చేస్తే, దాన్ని సరిచూసుకోవడానికే బోర్డు నిమిషం పైగా తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఆగలేక మధ్యలో ఆపేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో ఇంకో విచిత్రం ఉంది. ఆ కనెక్టర్‌లో 20వ పిన్ 3.3 వోల్టుల కరెంటు కోసం పెట్టింది. మామూలు కేబుల్‌లో రెండు చివర్లలోని ఆ పిన్‌లను కలపకూడదని ప్రమాణం చెబుతుంది. కలిపేసిన చౌక కేబుళ్లు మార్కెట్లో ఉన్నాయి. వాటితో మానిటర్ నుంచి కరెంటు వెనక్కి పీసీలోకి కారి, కొన్ని పెట్టెలు లేవకుండా మొరాయిస్తాయి. కేబుల్ పీకి ఆన్ చేస్తే శుభ్రంగా లేస్తాయి. ఇలాంటి పెట్టెకు ఎన్నిసార్లు విండోస్ వేసినా ఏం ఒరుగుతుంది?

లోగో వచ్చి, చుక్కలు తిరిగి, ఆ తరువాత నల్లబడితే అప్పుడు డ్రైవర్‌ను అనుమానించవచ్చు. అప్పుడు కూడా రెండు దారులున్నాయి. డ్రైవర్ కూలిపోయి ఉండొచ్చు, లేదా నిక్షేపంగా పనిచేస్తూ బొమ్మను ఇంకో పోర్టుకో, మానిటర్‌కు పడని రిజల్యూషన్‌లోనో పంపుతుండొచ్చు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలిగి ఆరుతోందంటే కంప్యూటర్ బతికే ఉంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అక్కడికక్కడే ఆపి మళ్లీ లేపుతుంది. స్పీకర్ ఉంటే ఒక బీప్ వినిపిస్తుంది. దానికీ తెర రాకపోతే విండోస్ మీటతో పి నొక్కి, రెండో తెరకు పోయిన బొమ్మను వెనక్కి పిలవొచ్చు.

మానిటర్ చెప్పే మాటను కూడా శ్రద్ధగా చదవాలి. "నో సిగ్నల్" అంటే అసలు ఏమీ రావడం లేదని. "అవుట్ ఆఫ్ రేంజ్", "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అంటే సిగ్నల్ వస్తోంది, అది తనకు మింగుడు పడటం లేదని. రెండో రకం మాట కనిపిస్తే సంతోషించాలి, సమస్య సగం తేలిపోయినట్టే. బూట్ అవుతుండగా రెండు మూడు సార్లు పవర్ ఆపితే విండోస్ తనంతట తానే మరమ్మతు తెరకు వస్తుంది. అక్కడి స్టార్టప్ సెట్టింగ్స్‌లో 3 నొక్కితే తక్కువ రిజల్యూషన్‌లో లేస్తుంది, 4 నొక్కితే సేఫ్ మోడ్‌లో లేస్తుంది. సేఫ్ మోడ్‌లో ఇంటెల్ డ్రైవర్‌ను పక్కన పెట్టి మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్‌తో బండి లాగిస్తారు. అందులోనూ తెర అదే చోట పోతే ఇంటెల్ డ్రైవర్ నిర్దోషి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఫార్మాట్‌కు దిగడం తొందరపాటు.

"నాన్" అన్న ఒక్క ముక్క

విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక డీటీపీ సెంటర్ అనుకుందాం. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, అను ఫాంట్లలో టైపింగ్. పదేళ్ల నాటి టవర్ మూలపడితే, కరెంటు తక్కువ తాగుతుందని ఎన్100 మినీ పీసీ తెచ్చారు. మానిటర్ పాతదే: 19 అంగుళాలు, 1440×900, వెనక పాత తరహా వీజీఏ పోర్టు ఒక్కటే. కొత్త పెట్టెకు వీజీఏ లేదు కాబట్టి హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే వేలెడంత కన్వర్టర్ ఒకటి కొన్నారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనే కాదు, ఊళ్లో మొబైల్ షాపులోనూ దొరికే సరుకే అది. తెర వచ్చింది, కానీ 1024×768లో. బొమ్మంతా అడ్డంగా సాగిపోయింది. శుభలేఖ మీద వినాయకుడి బొజ్జ రెండింతలైంది. సెట్టింగ్స్‌లో చూస్తే 1440×900 అనేది జాబితాలోనే లేదు. డ్రైవర్ తీసేశారు, వేశారు, మళ్లీ తీసేశారు. వినాయకుడి బొజ్జ తగ్గలేదు.

ఇక్కడ డివైస్ మేనేజర్ తెరిచి రెండు వరుసలు చదివితే చాలు. మొదటిది డిస్‌ప్లే అడాప్టర్స్. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే నిజంగానే డ్రైవర్ పడలేదు. "ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అని, పసుపు త్రికోణం ఏదీ లేకుండా ఉంటే డ్రైవర్ తన పని తాను చేస్తోంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. కింద మానిటర్స్ అన్న వరుస కూడా తెరవాలి. "జెనరిక్ పీఎన్‌పీ మానిటర్" అని ఉంటే మానిటర్ తనెవరో చెప్పుకుంది. "జెనరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్" అని ఉంటే చెప్పుకోలేదు, లేదా చెప్పింది పీసీ చెవిన పడలేదు. మన డీటీపీ సెంటర్ జబ్బు మొత్తం ఆ "నాన్" అన్న ముక్కలో ఉంది.

ప్రతి మానిటర్‌లో దాని జాతకం లాంటి చిన్న పట్టిక ఉంటుంది, దాన్ని ఈడీఐడీ అంటారు. మూల పట్టిక 128 బైట్లే. తెలుగులో రాస్తే రెండు వాక్యాలకు కూడా చాలనంత చోటు. మొదటి బైటు సున్న, తరువాత ఆరు బైట్లు 255, ఆపై మళ్లీ సున్న: ఇది ఈడీఐడీయేనని గుర్తుపట్టే ముద్ర అది. ఆ వెనక తయారీదారు సంకేతం, మోడల్ సంఖ్య, ఏయే రిజల్యూషన్లు పడతాయి, వాటిలో తనకు ఇష్టమైనది ఏది అన్న వివరాలు వరుసగా ఉంటాయి. చివరి బైటు లెక్క సరిచూసేది. 128 బైట్లనూ కూడితే మొత్తం 256తో నిశ్శేషంగా భాగించబడాలి. ఒక్క బైటు తారుమారైనా లెక్క తప్పుతుంది, అప్పుడు పట్టిక మొత్తాన్నీ నమ్మడానికి లేదు. జాతకం దొరకని మానిటర్‌కు ఏది పడుతుందో తెలియక, ప్రమాదం లేని పాత రిజల్యూషన్లతో విండోస్ సరిపెడుతుంది. 1024×768 అలా వచ్చిందే.

ఈ పట్టిక బొమ్మ వచ్చే తీగల మీద రాదు, దానికి వేరే సన్నటి దారి ఉంది. వీజీఏలో 12, 15 పిన్‌లు, హెచ్‌డీఎంఐలో 15, 16 పిన్‌లు. బొమ్మ మోసే తీగలు బాగుండి ఈ రెండు తీగలు తెగితే ఏమవుతుంది? తెర వస్తుంది, రిజల్యూషన్ రాదు. డ్రైవర్ తప్పనిపించేది సరిగ్గా అందుకే. కేబుల్ పోతే తెర అసలు రాకూడదు కదా అనుకుంటారు. పాత వీజీఏ కేబుల్ చివర పదిహేను పిన్‌లను వెలుతురులో లెక్కపెట్టి చూడండి, కొన్నింటికి ఒకటి రెండు చోట్ల పిన్ పుట్టుకతోనే ఉండదు. ఆ ఖాళీ 9వ స్థానంలో మాత్రమే ఉంటే చాలాసార్లు ఇబ్బంది ఉండదు కానీ, 12లోనో 15లోనో ఉంటే ఆ కేబుల్ మానిటర్ జాతకం మోసుకురాలేదు.

కన్వర్టర్‌కు ఇంకో బలహీనత ఉంది. అది డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే చిప్పు, దానికి తిండి కావాలి. హెచ్‌డీఎంఐ 18వ పిన్ నుంచి 5 వోల్టులు వస్తాయి, కానీ పీసీ వైపు నుంచి 55 మిల్లీఆంపియర్లు ఇస్తే చాలునని ప్రమాణం. కొన్ని పెట్టెలు ధారాళంగా ఎక్కువే ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అందుకే ఒకే కన్వర్టర్ ల్యాప్‌టాప్‌తో బాగా పనిచేసి మినీ పీసీతో తడబడుతుంది. పక్కన యూఎస్‌బీ పవర్ గుచ్చుకునే రంధ్రం ఉన్న కన్వర్టర్ వేరే దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువ. ఆ రంధ్రం అలంకారానికి పెట్టింది కాదు.

డ్రైవర్‌కు నిర్దోషిగా తీర్పు ఇవ్వడానికి అన్నిటికన్నా సులువైన సాక్షి ఇంట్లో టీవీ. మినీ పీసీని మధ్యలో కన్వర్టర్ లేకుండా నేరుగా హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలిస్తే 1920×1080 ఠక్కున వచ్చిందా? ఇక డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు.

డ్రైవర్‌దే తప్పయినప్పుడు

అలాగని డ్రైవర్ ఎప్పుడూ పతివ్రత అనీ కాదు. నిన్నటిదాకా బాగున్న పెట్టె ఇవాళ పొద్దున పాడైతే, మధ్యలో ఎవరూ కేబుల్ ముట్టకపోతే, రాత్రి విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చిందేమో చూడాలి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే వచ్చే చరిత్ర పటం దీనికి బాగా పనికొస్తుంది. రోజుకో గడి, ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు ఏది కూలింది అని ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. డ్రైవర్ మారిన తేదీ, ఎర్ర గుర్తులు మొదలైన తేదీ ఒకటే అయితే ఇంకేం కావాలి. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ వరుస మీద రెండుసార్లు నొక్కి డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ అంటే పాతదానికి వెళ్లిపోతుంది. ఆ బటన్ వెలిసిపోయి ఉంటే పాత కాపీ మిగల్లేదని అర్థం.

పని మధ్యలో తెర ఆరి, ఒకటి రెండు సెకన్ల తరువాత తిరిగి వచ్చే జబ్బు వేరే రకం. గ్రాఫిక్స్ చిప్పుకు ఇచ్చిన పని రెండు సెకన్లలో ముగియకపోతే విండోస్ దాన్ని స్పృహ తప్పినట్టు భావించి డ్రైవర్‌ను మళ్లీ లేపుతుంది. విండోస్ విస్టా నాటి నుంచి ఉన్న ఏర్పాటు ఇది. జరిగిన ప్రతిసారీ విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అన్న సంఖ్యతో ఒక నమోదు మిగులుతుంది: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపి, తిరిగి కోలుకుంది అని. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ రెండు సెకన్లను ఎనిమిదో పదో చేయమని చాలా చోట్ల సలహా కనిపిస్తుంది. ప్రత్యేకమైన భారీ లెక్కల పనికి తప్ప అది మంచి సలహా కాదు. పొగ వాసన వచ్చిందని ముక్కు మూసుకోవడం లాంటిది. మినీ పీసీలో ఇలా జరుగుతుంటే మొదట వేడి చూడాలి. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద ఫ్యాను, రేకుల మధ్య దూది పెట్టినట్టు పేరుకున్న దుమ్ము, పైన మే నెల ఎండ. ఆ తరువాత ర్యామ్. ఈ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అందరూ వాడే ర్యామ్‌లోనే పంచుకుంటుంది కాబట్టి ర్యామ్ లోపం తెర మీద చారలుగా బయటపడుతుంది. ఒక్క బ్రౌజర్‌లో వీడియో చూస్తేనే ఆరుతోంది, మిగతా అన్నీ బాగున్నాయంటే అప్పుడు డ్రైవర్‌ను పట్టుకోవచ్చు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించే ఏర్పాటు) ఆపితే జబ్బు మాయమైతే అనుమానం బలపడినట్టే.

కొత్తగా వేయాల్సి వస్తే ముందు పాతది శుభ్రంగా పోవాలి. డీడీయూ అని పిలిచే ఉచిత తొలగింపు ప్రోగ్రామ్‌ను సేఫ్ మోడ్‌లో నడపడం ఆనవాయితీ. చాలామంది మరిచేది ఇంటర్నెట్ ఆపడం. పాత డ్రైవర్ పోయిన మరు నిమిషం విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్నది తెచ్చి పెట్టేస్తుంది, పీకి పారేసినదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ల్యాన్ కేబుల్ తీసి, వైఫై ఆపి, కొత్త డ్రైవర్ ఫైలు ముందే డిస్కులో దింపి ఉంచుకుని అప్పుడు మొదలుపెట్టాలి. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌లో అప్‌డేట్ చేస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లకపోవడమే మేలు. ఉన్న సమస్యకు తోడు రెండు కొత్త ప్రకటనల కిటికీలు మిగులుతాయి.

ఏ డ్రైవర్ కావాలో పెట్టె మీది బ్రాండ్ పేరు చెప్పదు, చిప్పే చెబుతుంది. డివైస్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే పొడుగాటి సంకేతం కనిపిస్తుంది. అందులో తయారీదారు సంఖ్య 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో వచ్చిన తన 8086 ప్రాసెసర్ పేరునే ఆ కంపెనీ గుర్తింపు సంఖ్యగా ఉంచుకుంది. 1002 అయితే ఏఎండీ. పక్కనున్న నాలుగు అక్షరాలు అసలు చిప్పువి, ఎన్100 గ్రాఫిక్స్‌కు 46డీ1. పెట్టె కట్టిన కంపెనీ పేజీ లేకపోయినా నేరుగా ఇంటెల్ డ్రైవర్ వేసుకోవచ్చు. ఒకప్పుడు "ఈ కంప్యూటర్ తయారీదారు ఆమోదించిన డ్రైవర్ కాదు" అంటూ ఇంటెల్ ఇన్‌స్టాలర్ మొండికేసేది. 2020 నుంచి ఆ తాళం తీసేశారు.

"లేటెస్ట్ వేస్తే పోతుంది" అన్న సలహాకు కూడా గడువు తీరుతోంది. ఆరు నుంచి పదో తరం దాకా ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌ను 2022లో పాత సరుకు జాబితాలోకి నెట్టారు. 2025లో పదకొండు నుంచి పద్నాలుగో తరం దాకా అదే దారి పట్టాయి. భద్రతా లోపాలు, మరీ పెద్ద తప్పులు సరిచేస్తారు తప్ప కొత్త హంగులు రావు. ఈ పెట్టెలకు డ్రైవర్ విషయంలో కొత్తదనం కన్నా కుదురుగా ఉన్నదాన్ని కదిలించకపోవడమే ఎక్కువ విలువ.

పాత సాఫ్ట్‌వేర్ కోసం కొత్త మినీ పీసీలో విండోస్ 7 వేయించుకునే వాళ్లు డీటీపీ రంగంలో ఇంకా ఉన్నారు. అక్కడ డ్రైవర్ వెతకడం దండగ. ఇంటెల్ ఏడో తరం నుంచే విండోస్ 7కు గ్రాఫిక్స్ డ్రైవర్ ఇవ్వలేదు. ఎలాగోలా ఎక్కినా తెర స్టాండర్డ్ వీజీఏ అనే ప్రాథమిక డ్రైవర్‌తోనే నడుస్తుంది, పేజీ కిందకు జరిపితే అలలు అలలుగా కదులుతుంది.

ఇంకో చిన్న మెలిక. "ఆపి ఆన్ చేశాను, అయినా పోలేదు" అంటారు. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే డ్రైవర్లతో సహా విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ స్థితిని డిస్కులో దాచి, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తుంది. చిక్కుకున్న డ్రైవర్ చిక్కుతో సహా తిరిగొస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటి నుంచి లేపుతుంది. వినడానికి వింతే కానీ, ఈ విషయంలో షట్‌డౌన్ కన్నా రీస్టార్టే లోతైన స్నానం.

జబ్బు కాదు, హద్దు

కొన్ని ఫిర్యాదులకు మందు లేదు, ఎందుకంటే అవి జబ్బులు కావు. 4కే టీవీకి తగిలిస్తే మౌస్ బాణం ఈదుతున్నట్టు కదులుతోంది, రిఫ్రెష్ రేటు 30 దాటడం లేదు, డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా అంతే. లెక్క వేస్తే గుట్టు తెలుస్తుంది. 1920×1080 తెరకు కనిపించే చుక్కలతో పాటు అంచుల్లో కనిపించని ఖాళీ కూడా కలిపి వరుసకు 2200, మొత్తం 1125 వరుసలు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే 148.5 మెగాహెర్ట్జ్. 4కేకి అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు, అంటే 594. హెచ్‌డీఎంఐ 1.4 గరిష్ఠం 340. ఆ గొట్టంలో 594 పట్టదు, సగానికి దించి 297 చేస్తే పడుతుంది. ఆ సగమే 30. ఇంటెల్ ఆరో తరం నుంచి తొమ్మిదో తరం దాకా చిప్పు నేరుగా ఇచ్చే హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే. 4కే 60 కావాలని కొందరు బోర్డు తయారీదారులు లోపల డిస్‌ప్లేపోర్ట్‌ను హెచ్‌డీఎంఐ 2.0గా మార్చే చిప్పును వేరే అతికించారు. ఆ చిప్పుకు తనదైన ఫర్మ్‌వేర్ ఉంటుంది, గ్రాఫిక్స్ డ్రైవర్‌తో దానికి సంబంధం లేదు. పక్కనే డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉంటే అందులోంచి 60 వచ్చేస్తుంది, పోర్టు మార్చడమే పరిష్కారం.

టీవీలో రంగులు పాలిపోయి, నలుపు బూడిదలా ఉంటే అదీ డ్రైవర్ పాడవడం కాదు. టీవీ లోకంలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది, కంప్యూటర్ లోకంలో 0 నుంచి 255. ఒకరు ఒక భాష మాట్లాడి ఇంకొకరు ఇంకో భాషలో వింటే ఇలా అవుతుంది. ఇంటెల్ సెట్టింగ్స్‌లో క్వాంటైజేషన్ రేంజ్‌ను ఫుల్ చేయడమో, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవల్ మార్చడమో చేస్తే సరి. టాస్క్‌బార్ సగం తెర బయటకు పోతే టీవీ బొమ్మను పెంచి చూపిస్తోందని అర్థం. దాని మెనూలో జస్ట్ స్కాన్ లాంటి పేరుతో ఒక ఎంపిక ఉంటుంది.

ఇంకొకటి. ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అని చెప్పి అమ్మారు, డివైస్ మేనేజర్‌లో చూస్తే ఇంటెల్ యూహెచ్‌డీ అని ఉంది, తప్పు డ్రైవర్ పడిందా, మోసం చేశారా? చాలాసార్లు రెండూ కాదు. ఆ పేరు రావాలంటే ర్యామ్ రెండు ఛానెళ్లలో ఉండాలి. ఒకే 16 జీబీ కడ్డీ పెడితే పేరు యూహెచ్‌డీగా దిగుతుంది, వేగమూ తగ్గుతుంది. రెండు 8 జీబీ కడ్డీలు పెడితే, డ్రైవర్‌ను ముట్టకుండానే పేరు మారిపోతుంది.

లినక్స్, రాస్‌బెర్రీ పై

లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కు విడిగా డ్రైవర్ దించుకునే పనే లేదు, అది కెర్నల్‌లో భాగం. కాబట్టి అడగాల్సింది కెర్నల్ వయసు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 11లోని కెర్నల్ 5.10 నాటికి ఎన్100 పుట్టలేదు. పుట్టని బిడ్డ పేరు ఆ జాబితాలో ఎలా ఉంటుంది? డెస్క్‌టాప్ వస్తుంది కానీ గీత పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది, కిటికీ జరిపితే ఈడ్చుకుంటూ వస్తుంది. కెర్నల్ 6.1తో వచ్చిన డెబియన్ 12లో అదే పెట్టె ఏమీ చేయకుండానే చక్కగా నడుస్తుంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అన్న చోట ఎల్ఎల్‌వీఎంపైప్ అని కనిపిస్తే ప్రాసెసరే బొమ్మలు గీస్తోందని గుర్తు. దీనికి ఇంకో కారణం మతిమరుపు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నల్ల తెర వస్తే బూట్ వరుసలో నోమోడ్‌సెట్ అని చేర్చమంటారు, అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టిస్తుంది. గండం గట్టెక్కాక దాన్ని తీసేయాలి, ఎవరూ తీయరు. ఏడాది తరువాత "లినక్స్ స్లో" అని పేరు పెడతారు.

అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు రాస్‌బెర్రీ పై 4లో రెండు చిన్న హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి, ఒకే మానిటర్ ఉంటే పవర్ పోర్టు పక్కనున్నదే వాడాలి. 2021 నవంబరులో వచ్చిన బుల్స్ఐ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పుతో దాని డిస్‌ప్లే పద్ధతి మారింది. అంతకుముందు కాన్ఫిగ్ ఫైలులో హెచ్‌డీఎంఐ మోడ్ సంఖ్యలు రాసి రిజల్యూషన్ బిగించేవాళ్లు. కొత్త డ్రైవర్ ఆ వరుసలను లెక్కలోకి తీసుకోదు, రిజల్యూషన్‌ను కెర్నల్ కమాండ్ వరుసలో చెప్పాలి. పాత పాఠాలు చూసి చేసినవాళ్లకు ఏ మార్పూ కనిపించక, బోర్డు పాడైందనుకున్నారు. ఇదే పై 4లో తిరగబడ్డ వింత కూడా ఉంది. 2560×1440 రిజల్యూషన్ పెడితే వైఫై పోతోందని 2019లో చాలామంది గమనించారు. ఆ రిజల్యూషన్‌కు పిక్సెల్ వేగం 241.5 మెగాహెర్ట్జ్, హెచ్‌డీఎంఐ తీగ మీద దానికి పది రెట్లు అంటే 2.415 గిగాబిట్లు. వైఫై ఒకటో ఛానెల్ 2.412 గిగాహెర్ట్జ్ దగ్గరుంది. తెర బాగానే ఉంది, నెట్ పోయింది, కారణం తెరే.

మానిటరే లేకుండా మూలన పెట్టి దూరం నుంచి వాడే మినీ పీసీలది మరో ఇబ్బంది. ఆఫీసు లెక్కలకో సీసీ కెమెరాలకో పెట్టి ఎనీడెస్క్‌తో తెరిస్తే, అగ్గిపెట్టెంత రిజల్యూషన్‌లో కనిపిస్తుంది. మానిటర్ తగిలిస్తే బాగుంటుంది, పీకితే మళ్లీ అంతే. డ్రైవర్ మంచిదే, పలకరించడానికి అవతల ఎవరూ లేరు. దీనికి బజారులో డమ్మీ ప్లగ్ అని ఒకటి దొరుకుతుంది. బొటనవేలి గోరంత ఉండి హెచ్‌డీఎంఐ పోర్టులో దూరిపోతుంది. దాన్ని విప్పి చూస్తే తెరా లేదు, దీపమూ లేదు. లోపల ఉన్నదల్లా ఒక రెసిస్టరు, ఈడీఐడీ రాసిపెట్టిన ఒక చిన్న మెమరీ చిప్పు.